నెస్టోరియస్: ప్రవాసి మాట వినకుండా తీర్పు

క్రిస్మస్ ప్రసంగంలో ‘దేవుడే శిశువుగా పుట్టాడు’ అని మనం చెబుతాం. ఈ మాటను ఏ అర్థంలో చెప్పాలి అన్న ప్రశ్నే నెస్టోరియస్‌ను ప్రవాసానికి నడిపించింది.

క్రీ.శ. 428లో కాన్‌స్టాంటినోపుల్ బిషప్పైన ఈయన, మరియను ‘దేవమాత’ అనడం కంటే ‘క్రీస్తుమాత’ అనడం క్షేమమని బోధించాడు. దైవత్వమే పుట్టి బాధపడిందని జనులు భావిస్తారేమోనని ఆయన భయం. అలెగ్జాండ్రియా బిషప్పు సిరిల్ దీన్ని ఎదిరించాడు. 431లో ఎఫెసు మహాసభ, అంతియొకయ బిషప్పు యోహాను చేరకముందే, నెస్టోరియస్‌ను పదవి నుండి తొలగించింది. 435లో ఆయన రచనలను కాల్చివేయాలని చక్రవర్తి ఆజ్ఞాపించాడు. చివరికి ఐగుప్తు ఎడారిలో ప్రవాసిగా మరణించాడు.

ప్రవాసంలో రాసిన ‘హెరాక్లిడిస్ గ్రంథం’ సిరియక్ అనువాదంగా నిలిచి, 1910లో అచ్చయింది. క్రీస్తును ఇద్దరుగా విభజించానన్న నిందను ఆయన అందులో నిరాకరిస్తాడు. అయితే రెండు స్వభావాలు ఒకే వ్యక్తిలో ఎలా ఏకమయ్యాయో తృప్తికరంగా వివరించలేకపోయాడు. సిలువపై శ్రమపడినవాడు దేవుని కుమారుడే అనే సత్యాన్ని సిరిల్ బోధే దృఢంగా నిలిపింది. పైగా, పదవి చేపట్టిన కొద్ది దినాలకే అరియన్ల ప్రార్థనాస్థలాన్ని కూల్చబూనిన నెస్టోరియస్, తాను ప్రయోగించిన రాజాధికారానికే తానూ బలయ్యాడు.

1994లో పోపు రెండవ జాన్ పాల్, అస్సీరియా తూర్పు సంఘాధిపతి నాలుగవ మార్ దిన్ఖా ఉమ్మడి ప్రకటనలో ఆ రెండు పిలుపులనూ అంగీకరించారు. పదిహేను శతాబ్దాల ఆలస్యం!

వేదికపై ఒకరిని దుర్బోధకుడని ప్రకటించే ముందు, సామెతలు 18:13ను కాపరి తనకు తానే బోధించుకోవాలి.