మోకు మీది ఏడాది

మా ఊరి గౌడు మామ ఏడాదిని చెట్లతోనే లెక్కపెడతడు. చలికాలం ఈత, సంక్రాంతి దాటితే పోతుతాడు, ఎండలు ముదిరితే పండుతాడు. వానలకు కల్లు తగ్గుతది, అప్పుడు కూలికి పోతడు.

పని చూడాలంటే పొద్దుగాల పోవాలె. నడుముకు మోకు బిగించి, ఒక చేత్తో గెల పట్టి, కొసను ఉల్లిపొరంత పలచగా గీస్తడు. కత్తి లోతుకు దిగితే గెల పాడు. గీయుడు తప్పితే కొస ఎండి ధార ఆగుతది. లొట్టిలో సున్నం పూస్తే నీరా, లేకుంటే పొద్దెక్కేసరికి నురగే.

2024లో తెలంగాణ ప్రభుత్వం గీతకార్మికులు చెట్టు మీంచి పడకుండా ‘కాటమయ్య రక్ష’ కిట్లు మొదలుపెట్టింది. ఎన్ని నడుములు విరిగినంక! మామ ఇంకా చెట్టు మొదలుకు మొక్కే ఎక్కుతడు. “పోయినేడు నేను జారింది ఈ చెట్టు మీదనే బిడ్డా” అని నవ్వి, మోకు ఎగేసిండు.