మూరెడు రాగి తీగ

కాపర్ టి ప్యాకెట్‌కు పైన పారదర్శకమైన పొర ఉంటుంది. విప్పకుండానే లోపలి సామాను మొత్తం కనిపిస్తుంది: పొడవాటి సన్నని గొట్టం, దాని మీద అటూ ఇటూ జరిగే నీలం రంగు చిన్న బిళ్ల, గొట్టంలోకి దూరే తెల్లటి పుల్ల, వీటితో పాటు అసలు వస్తువు. అడ్డం 32 మిల్లీమీటర్లు, నిలువు 36. తయారీ ఖర్చు స్వల్పం. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలోనూ, చుట్టుపక్కల పట్టణ ఆరోగ్య కేంద్రాల్లోనూ వేయించుకోవడానికి పైసా అక్కర్లేదు. ఒకసారి గర్భసంచిలో వేయించుకుంటే గర్భం రాకుండా పదేళ్లు పనిచేస్తుంది. మొదటి ఏడాదిలో గర్భం వచ్చేది నూటికి ఒకరికన్నా తక్కువ మందికి. మాత్రలా రోజూ గుర్తుపెట్టుకోవాల్సిన పనిలేదు, ఒంట్లోకి హార్మోన్లు పోయేదీ లేదు. ఇన్ని సుగుణాలున్న వస్తువు గురించి మన ఇళ్లలో వినిపించేవన్నీ భయాలే. వాటిలో కొన్ని నిజం, కొన్ని కట్టుకథలు. ఏది ఏదో తేల్చుకోవాలంటే ముందు వస్తువును దగ్గరగా చూడాలి.

దీని పూర్తి పేరు కాపర్ టి 380ఎ. ఆ 380 రాగి ఉపరితలం కొలత, చదరపు మిల్లీమీటర్లలో. నిలువు కాడకు చుట్టిన తీగ నుంచి 314, రెండు చేతులకు తొడిగిన చిన్న రాగి గొట్టాల నుంచి చెరి 33. తీగ మందం పావు మిల్లీమీటరు, బరువు 176 మిల్లీగ్రాములు. ఈ లెక్కన తీగను విప్పి చాపితే దాదాపు 40 సెంటీమీటర్లు, అంటే మూరెడుకు కాస్త తక్కువ. రాణిగంజ్‌లో మోటార్లకు వైండింగ్ చేసేవాళ్లను చూసినవారికి ఈ పనితనం ఇట్టే అర్థమవుతుంది: చుట్టు పక్కన చుట్టు, సందు లేకుండా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా. తేడా ఒక్కటే. మోటారు తీగకు విద్యుత్తు బయటికి పోకుండా పూత వేస్తారు. ఇక్కడ తీగ పూత లేకుండా ఉండాలి, ఎందుకంటే అది కరగడమే దాని పని. గర్భసంచిలోని తేమకు రాగి అణువణువుగా అయాన్లుగా విడిపోతుంది. ఆ అయాన్లు వీర్యకణాల కదలికను దెబ్బతీస్తాయి, అండాన్ని చేరకముందే వాటిని పనికిరాకుండా చేస్తాయి. రోజుకు బయటికొచ్చే రాగి కొన్ని పదుల మైక్రోగ్రాములు. మనం తినే తిండిలోంచి రోజూ లోపలికి పోయే రాగి అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి ఒంట్లో రాగి పేరుకుంటుందన్న బెంగ అక్కర్లేదు. రాగిని బయటికి పంపలేని విల్సన్స్ వ్యాధి ఉన్నవాళ్లూ, రాగి పడనివాళ్లూ మాత్రం దీని జోలికి పోకూడదు. ప్యాకెట్‌లోనే తీగ కాస్త నల్లబడి కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ప్యాకెట్ చిరగకుండా, గడువు దాటకుండా ఉంటే అది వాడదగినదే.

రాగికి ఈ గుణం ఉందని తెలిసింది చిలీలో. 1960ల చివర్లో హైమె సిప్పెర్ అనే వైద్యుడు కుందేళ్ల మీద ఒక ముచ్చటైన ప్రయోగం చేశాడు. కుందేలు గర్భసంచికి రెండు కొమ్ములుంటాయి. ఒక కొమ్ములో రాగి తీగ పెట్టి, రెండో కొమ్మును అలాగే వదిలేశాడు. ఒకే జంతువు, ఒకే రక్తం, ఒకే రోజు. రాగి ఉన్న వైపు పిండాలు నిలవలేదు. అంతకుముందే న్యూయార్క్‌లో హోవర్డ్ టాటమ్ టి ఆకారాన్ని రూపొందించాడు. ముడుచుకున్నప్పుడు గర్భసంచి లోపలి ఖాళీ తలకిందులైన త్రికోణంలా ఉంటుంది కనుక, పైన చేతులు చాచుకున్న వస్తువు అందులో ఒత్తిడి లేకుండా ఇముడుతుందని ఆయన ఊహ. ఊహ సరైనదే, కానీ వట్టి ప్లాస్టిక్ టి నూటికి 18 మందిలో గర్భాన్ని ఆపలేకపోయింది. 30 చదరపు మిల్లీమీటర్ల రాగి చుడితే అది 5కు దిగింది, 200 చుడితే 1కి. ఆకారం ఒకరిది, లోహం ఇంకొకరిది. కలిశాక పుట్టింది మనం చూస్తున్న వస్తువు. ఇంకా వెనక్కి పోతే, 1920లలో జర్మనీలో ఎర్నెస్ట్ గ్రాఫెన్‌బర్గ్ వేసిన వెండి ఉంగరంలోనూ పాతిక శాతం రాగి కలిసి ఉండేది. అది పనిచేసిందంటే పుణ్యం వెండిది కాకపోవచ్చునని తర్వాతి తరాలకు గాని తట్టలేదు.

కాడ చివర దారం ఉంటుంది. నా దృష్టిలో ఈ వస్తువు మొత్తంలో అన్నిటికన్నా తెలివైన భాగం ఇదే. చిన్నప్పటి గాలిపటం మాంజా అంత సన్నని దారమే గానీ, దాని వెనక ఒక విషాదం ఉంది. 1971లో అమెరికాలో డాల్కన్ షీల్డ్ అనే పరికరం అమ్మకానికొచ్చింది. దాని తోక వందల పోగులను ఒక తొడుగులో కలిపి చేసింది. ఆ పోగుల సందుల్లోంచి క్రిములు యోని నుంచి గర్భసంచిలోకి పాకాయి. ఎంతోమందికి తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు వచ్చాయి, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. 1974లో అమ్మకాలు ఆపేశారు. కాపర్ టి దారం ఒంటిపోగు. పోగుల మధ్య సందే లేనప్పుడు క్రిమికి దారెక్కడిది? కాడ అడుగున కొన మొద్దుగా, 3 మిల్లీమీటర్ల గుండులా ఉండటానికీ కారణం ఉంది: కొన సూదిగా ఉంటే జారినప్పుడు గర్భసంచి ముఖద్వారం గోడలోకి గుచ్చుకుంటుంది. ప్లాస్టిక్‌లో బేరియం సల్ఫేట్ కలపడం ఎక్స్‌రేలో కనిపించడానికి. ఈ చిన్న ముక్కలో వట్టి సోకు కోసం పెట్టింది ఏదీ లేదు. ప్రతి మలుపూ ఎవరో ఒక స్త్రీ పడ్డ బాధలోంచి వచ్చిందే.

వస్తువు ఎంత బాగున్నా వేసే చెయ్యి బాగుండాలి. ముందు గర్భసంచి ఏ వైపు వంగి ఉందో చేత్తో పరీక్షించి తెలుసుకుంటారు. ముఖద్వారాన్ని శుభ్రం చేసి, పట్టకారుతో నిలిపి, సన్నని కొలత కడ్డీతో లోతు చూస్తారు. ఏడు సెంటీమీటర్లు వస్తే గొట్టం మీది నీలం బిళ్లను సరిగ్గా ఏడు దగ్గరికి జరుపుతారు. తర్వాత అసలు పని: టి చేతులను కిందికి మడిచి గొట్టంలోకి దూర్చడం. ఇది ప్యాకెట్ లోపలే, పై పొర మీదుగా నొక్కుతూ చేయాలి. వస్తువుకు వేలు తగలకూడదు. మడిచాక అయిదు నిమిషాలకు మించి ఉంచకూడదు. టి చేసిన పాలిథిన్‌కు తన ఆకారం గుర్తుంటుంది గానీ, మరీ ఎక్కువసేపు మడిచి ఉంచితే మరిచిపోతుంది. లోపల చేతులు పూర్తిగా తెరుచుకోవు. అందుకే అనుభవమున్న సిస్టర్ అన్నీ సిద్ధం చేసుకుని, లోతు కొలిచాకే ప్యాకెట్ పట్టుకుంటుంది.

గొట్టం లోపలికి పోయి నీలం బిళ్ల ముఖద్వారానికి ఆనగానే ఆగాలి. ఇక్కడ అలవాటు లేని చెయ్యి పుల్లను లోపలికి నెడుతుంది. అది తప్పు. పుల్లను కదలనివ్వకుండా పట్టుకుని గొట్టాన్ని వెనక్కి లాగాలి. వస్తువు ఉన్నచోటే ఉంటుంది, దాని మీది తొడుగు జారిపోతుంది, చేతులు వాటంతటవే విచ్చుకుంటాయి. నెట్టడమంటే గోడను పొడవడం. లాగడమంటే వస్తువును దాని చోట వదిలిరావడం. గర్భసంచికి చిల్లు పడే ప్రమాదం వెయ్యి మందిలో ఒకరికి మాత్రమే ఉండటానికి ఈ పద్ధతి పెద్ద కారణం. పాలిచ్చే తల్లుల్లో ఆ ప్రమాదం కొంత ఎక్కువ, ఆ రోజుల్లో గోడ మెత్తగా ఉంటుంది కాబట్టి. చివరికి దారాన్ని మూడు నాలుగు సెంటీమీటర్లు ఉంచి కత్తిరిస్తారు. మొత్తం పని కొన్ని నిమిషాలే. నొప్పి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. కొందరికి నెలసరి నొప్పిలా, కొందరికి కళ్లు తిరిగేంతగా. ‘ఏమీ ఉండదమ్మా’ అని తేల్చేసేవాళ్ల మాట నమ్మనక్కర్లేదు.

ఇక అసలు దుష్ప్రభావం సంగతి. రాగి వీర్యకణాలకు చేసే హానీ, గర్భసంచి పొరకు కలిగించే ఒరిపిడీ ఒకే పని ఫలితాలు. ఆ ఒరిపిడికి లోపల ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పెరుగుతాయి. దాంతో నెలసరి రక్తం సగం దాకా ఎక్కువ కావచ్చు, రోజులు పెరగొచ్చు, కడుపు నొప్పి, నడుం నొప్పి రావచ్చు, మధ్యలో మరకలు కనిపించవచ్చు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు ఇది ఎక్కువగా ఉండి, చాలామందికి తర్వాత తగ్గుతుంది. ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ ఆమ్లం వంటి మందులు ఆ ప్రోస్టాగ్లాండిన్లనే తగ్గిస్తాయి కనుక నొప్పికీ రక్తస్రావానికీ రెండింటికీ పనికొస్తాయి. డాక్టరును అడిగి, తిన్నాక వేసుకోవాలి.

మన దగ్గర ఈ లెక్కకు ఇంకో అంకె కలపాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. నెలకు కొంత ఎక్కువ రక్తం పోవడం బాగా తిని ఆరోగ్యంగా ఉన్నామెకు చికాకు మాత్రమే. హిమోగ్లోబిన్ ఎనిమిదో తొమ్మిదో ఉన్నామెకు అది నిత్యం మెట్లెక్కలేని ఆయాసం. రక్తహీనత ఉన్నంత మాత్రాన కాపర్ టి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడం లేదు. కానీ వేసేముందు రక్తపరీక్ష, తర్వాత ఐరన్ మాత్రలు, మూడు నెలలకు మళ్లీ ఒక చూపు ఉండాలి. నెలసరి ముందు నుంచే విపరీతంగా అవుతుంటే, కారణం తేలని రక్తస్రావం ఉంటే, గడ్డలతో గర్భసంచి ఆకారం మారి ఉంటే వేరే దారి వెతకడం మేలు. ఈ రక్తస్రావమే ఈ వస్తువులో ఇంకా పరిష్కారం కాని లోపం. దాన్ని తగ్గించాలనే అమెరికాలో నిటినాల్ అనే వంగే మిశ్రలోహపు చట్రానికి 175 చదరపు మిల్లీమీటర్ల రాగే పెట్టి, మూడేళ్లు పనిచేసే పరికరం తయారుచేశారు. 2025 ఫిబ్రవరిలో దానికి అక్కడ అనుమతి వచ్చింది. సగం రాగితో అదే పని చేయించగలగడం మంచి పనితనమే.

అదిగాక మరికొన్ని ఉన్నాయి. మొదటి ఏడాదిలో, ముఖ్యంగా మొదటి నెలల్లో, నూటికి కొందరికి అది జారి బయటికి వస్తుంది. ఇన్‌ఫెక్షన్ ముప్పు ఎక్కువగా వేసిన మొదటి 20 రోజుల్లోనే ఉంటుంది. ఆ రోజుల్లో జ్వరం, పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి, దుర్వాసనతో తెల్లబట్ట కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. అరుదుగా గర్భం వస్తే అది ట్యూబులో నిలిచే అవకాశం ఎక్కువ కాబట్టి నెల తప్పితే వెంటనే చూపించుకోవాలి. సుఖవ్యాధుల నుంచి ఇది ఏ రక్షణా ఇవ్వదు, ఆ పని కండోమ్‌దే.

భయాల్లో పెద్దది వేరే ఉంది. ‘సిస్టర్, ఇది పైకి పోయి గుండెకు తగుల్తదంట కదా?’ అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ‘పోదమ్మా, ఆ సంచిలోంచి గుండెకు దారే లేదు’ అని సిస్టర్ చెప్పాలి, నవ్వకుండా చెప్పాలి. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1965లో ప్రభుత్వం లిప్పెస్ లూప్ అనే పాత తరం గర్భనిరోధక పరికరాన్ని దేశమంతా దించింది. లక్ష్యాల కోసం శిబిరాల్లో వేసి పంపేశారు. రక్తం పోతున్న స్త్రీ మళ్లీ వస్తే చూసే నాథుడు లేడు. అమ్మమ్మల నుంచి అమ్మలకు చేరింది ఆ అనుభవమే. ఒంటిపోగు దారాన్ని చేర్చింది దాన్ని రూపొందించిన జాక్ లిప్పెసే అయినా, మన దగ్గర ఆయన లూప్‌కు మిగిలింది చెడ్డపేరే.

ఆ అపనమ్మకం మనల్ని ఆపరేషన్ దారి పట్టించింది. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తెలంగాణలో నూటికి 60 మందికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 70కి దగ్గరగా వివాహిత స్త్రీలు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. దేశం మొత్తం మీద కాపర్ టి వంటివి వాడేవాళ్లు 2.1 శాతమే. పాతికేళ్లు నిండకముందే శాశ్వత నిర్ణయం తీసుకున్నవాళ్లు మన వాడల్లో కోకొల్లలు. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. ఆపరేషన్ చెడ్డదని అనడం లేదు. ఇద్దరు పిల్లలయ్యాక అదొక్కటే దారి అనుకోవడమే చెడ్డది. తెలంగాణలో కాన్పుల్లో సగానికి పైగా సిజేరియన్లే కనుక, ఆ కోతలోనే కాపర్ టి పెట్టే వీలూ ఉంది. అప్పుడు దారం కొన్నాళ్లు కనిపించకపోవచ్చు, జారే అవకాశమూ కాస్త ఎక్కువ. అయితే అడగాల్సింది నొప్పులు మొదలయ్యాక కాదు, నెలల ముందే, చెకప్‌లకు వచ్చినప్పుడు. తల్లికి తెలియకుండా పెట్టిన కాపర్ టి ఎంత చక్కగా కుదిరినా అది మంచి పని కాదు.

తీయించుకోవడం వేయించుకోవడం కన్నా తేలిక. పట్టకారుతో దారం పట్టి మెల్లగా లాగితే చేతులు ఈసారి పైకి మడుచుకుని బయటికొస్తాయి. అండం విడుదల ఎప్పుడూ ఆగలేదు కాబట్టి మరుసటి నెలలోనే గర్భం నిలవొచ్చు. బిడ్డ వద్దనుకుని పదేళ్ల గడువు తీరినందుకే తీయిస్తుంటే, అదే బల్ల మీద, అదే పూట కొత్తది వేయించుకోవచ్చు.