కరివేపాకుకూ ఓ పరీక్ష

కూరగాయల బేరం ముగిశాక నాలుగు రెబ్బల కరివేపాకు కొసరుగా వేయించుకోవడం మనకు అలవాటు. ఎర్రగడ్డ రైతుబజారు నుంచి అమీర్‌పేట కర్రీ పాయింట్లకూ, పంజగుట్ట మెస్సులకూ, బంజారా హిల్స్ వంటిళ్లకూ చేరే ఈ ఆకును పరీక్షలు చేసేవాళ్లు మాత్రం తేలిగ్గా తీసుకోరు. పురుగుమందుల అవశేషాలున్నాయని ఐరోపా సమాఖ్య మన కరివేపాకును అదనపు తనిఖీల జాబితాలో చేర్చింది. అక్కడి రేవుల్లో ఆపి చూసే ఆకునే ఇక్కడ మనం పోపులో వేసుకుంటున్నాం.

ఈ అవశేషాలను పట్టే ముఖ్య సాధనాల్లో ఒకటి గ్యాస్ క్రొమటోగ్రఫీ–మాస్ స్పెక్ట్రోమెట్రీ. ల్యాబుల్లో అందరూ జీసీ–ఎంఎస్ అంటారు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలోని అవశేషాల ప్రయోగశాలలాంటి చోట్ల జరిగేది ఈ పనే. యంత్రం చాలా ఖరీదైనదే. అయినా అసలు పనితనమంతా నమూనా యంత్రం దాకా వెళ్లేలోపే ఉందని నా నమ్మకం.

ఆకును కడగకుండానే మెత్తగా నూరతారు. ఆ ముద్దలో 10 గ్రాములు తూచి, 10 మిల్లీలీటర్ల ఎసిటోనైట్రైల్ పోసి గట్టిగా కుదుపుతారు. మెగ్నీషియం సల్ఫేట్, ఉప్పు వేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, మందును పట్టుకున్న ద్రావకం పైకి తేలుతుంది. అనస్టాసియాడెస్, లెహోటే బృందం 2003లో ప్రచురించిన ఈ పద్ధతికి క్వెచర్స్ అని పేరు.

టమాటాకైతే ఇక్కడితో సగం గండం గడిచినట్టే. కరివేపాకు అలా లొంగదు. దాని పసరూ, ఘుమఘుమనిచ్చే నూనెలూ ద్రావకంలోకి దిగిపోతాయి. పసరు పోగొట్టడానికి కార్బన్ పొడి వేస్తారు. అది రవ్వంత ఎక్కువైతే కొన్ని మందులను కూడా పీల్చేసుకుంటుంది, మందున్న ఆకు రిపోర్టులో శుభ్రంగా తేలుతుంది! ఎంత వేయాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి కావాలి. ఇంకో చిక్కూ ఉంది. పోల్చి చూడాలంటే మందు తగలని కరివేపాకు సంపాదించి, దాని సారంలో తెలిసిన మోతాదులో మందు కలిపి పెట్టుకోవాలి. అందుకు బజారు ఆకును నమ్మలేం, మందు కొట్టని పెరటి చెట్టును వెతుక్కోవాలి.

ఆ తర్వాతే యంత్రం పని. ఒక్క మైక్రోలీటరు ద్రావకం వేడికి ఆవిరై, హీలియం వెంట, చుట్టచుట్టిన 30 మీటర్ల సన్నని గొట్టంలో సాగుతుంది. ఒక్కో రసాయనం ఒక్కో సమయానికి బయటపడుతుంది. ఒకే సమయానికి రెండు రావచ్చు కాబట్టి, వచ్చిన అణువులను ఎలక్ట్రాన్లతో కొట్టి ముక్కలు చేస్తారు. క్లోర్‌పైరిఫాస్‌ను చూడండి. అణువు ద్రవ్యరాశి 349. అందులోంచి ఒక క్లోరిన్, అంటే 35, ఊడితే 314 మిగులుతుంది. 197 దగ్గర మరో ముక్క కనిపిస్తుంది. సరైన సమయానికి, సరైన పాళ్లలో ఈ ముక్కలు పడితేనే రిపోర్టులో ఆ మందు పేరు రాస్తారు. విడిగా హద్దు పెట్టని మందులకు మన దేశంలో సాధారణ హద్దు కిలోకు 0.01 మిల్లీగ్రాము. అంటే టన్నుకు 10 మిల్లీగ్రాములు. అంత కొంచెం కూడా ఈ యంత్రానికి దొరుకుతుంది.

అయితే అన్ని మందులూ దీనికి దొరకవు. గ్లైఫోసేట్ లాంటివి నేరుగా ఆవిరి కావు, వాటికి ద్రవ క్రొమటోగ్రఫీ కావాలి. అందుకే ‘అవశేషాలు లేవు’ అన్న రిపోర్టు చేతికొచ్చినప్పుడు ఏయే మందుల కోసం వెతికారో, ఎంత తక్కువ వరకు చూడగలిగారో తప్పకుండా అడగాలి.

ఇలాంటి పరీక్షల అవసరం ఏలూరులో తెలిసొచ్చింది. 2020 డిసెంబరులో అక్కడ వందల మంది మూర్ఛలతో, కళ్లు తిరిగి పడిపోయారు. రక్తం, నీళ్లు, కూరగాయల నమూనాలు ఢిల్లీ ఎయిమ్స్‌కూ, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకూ వెళ్లాయి. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఒక కబురు, పురుగుమందులని మరొకటి వచ్చాయి. చివరికి నిపుణులు పురుగుమందుల అవశేషాలనే ప్రధాన కారణంగా చెప్పారు, అవి ఒంట్లోకి ఎలా చేరాయో ఇంకా పరిశోధించాలన్నారు. అలాంటి రోజున పోల్చుకోవడానికి మామూలు రోజుల లెక్క చేతిలో ఉండాలి. ఏ ఊరి సంతలో, ఏ నెలలో, ఏ కూరలో ఏ మందు ఎంత ఉందో క్రమం తప్పకుండా పరీక్షించి, ఊరి పేరుతో సహా జనానికి చెప్పాలి.