మల్లె దళం

ఎనిమిదో తరగతిలో నేను గైడ్‌ని. నీలం యూనిఫాం, మెడలో స్కార్ఫ్, మూడు వేళ్ల సెల్యూట్. మా దళం పేరు మల్లె. పక్క హైస్కూల్లో మగపిల్లల స్కౌట్ దళం పేరు పులి. అప్పట్లో ఆ తేడా నాకు తేడాగానే అనిపించలేదు. పైగా మల్లె పేరు దక్కిందని సంబరపడ్డాను.

ఈ మధ్య ఆడపిల్లల సంఘాల చరిత్ర మీద పాఠం చెప్పాల్సి వచ్చి, ఆగ్నెస్ బేడెన్ పవెల్ తన అన్న రాబర్ట్‌తో కలిసి 1912లో తెచ్చిన గైడ్ల చేతిపుస్తకం చదివాను. బ్రిటిష్ సామ్రాజ్యాన్ని నిలబెట్టడానికి ఆడపిల్లలు ఎలా సాయపడగలరన్నదే దాని శీర్షిక. రోగులకి సేవ, వంట, పసిపిల్లల పెంపకం. వీటన్నిటి మధ్య, ఎనిమిది అంగుళాల తాడుతో దొంగని కట్టిపడెయ్యడం ఎలాగో కూడా ఉంది! ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఈ సంఘాన్ని ఆడపిల్లలకి ఎవరూ దయతలచి ఇవ్వలేదు. రాబర్ట్ 1908లో మగపిల్లల కోసం రాసిన స్కౌటింగ్ పుస్తకం చదివి వాళ్లే దళాలు కట్టుకున్నారు. 1909 సెప్టెంబరులో లండన్ క్రిస్టల్ పాలెస్ దగ్గర జరిగిన స్కౌట్ల ర్యాలీకి కొందరు పిలవకుండానే వచ్చి, మేమూ స్కౌట్లమే అన్నారు. మరుసటి ఏడాదికల్లా వాళ్లకి వేరే సంఘం, వేరే పేరు. జంతువుల పేర్లు మానేసి పూల పేర్లు పెట్టుకోమన్నారు. పెత్తనం ఆగ్నెస్‌కి అప్పగించారు. ఆవిడ బెలూన్లలో ఆకాశానికి ఎగిరిన మనిషి. అయినా మీ పిల్లలు మగరాయుళ్లయిపోరని పెద్దలకి భరోసా ఇవ్వడమే ఆవిడ పనయింది. సంఘ చరిత్రల్లో స్థాపకులు ఆ అన్నాచెల్లెళ్లు. నా లెక్కలో మాత్రం ఆ పిలవని పిల్లలే.

గైడ్ అన్న పేరు ఎక్కడిదనుకున్నారు? అప్పటి ఇండియా వాయవ్య సరిహద్దులో బ్రిటిష్ వాళ్లు నడిపిన గైడ్స్ అనే సైనిక దళానిది. కానీ 1911లో జబల్పూర్‌లో మొదటి గైడ్ దళం మొదలైనప్పుడు అందులో దొరల పిల్లలే. భారతీయ బాలికలకి తలుపు తెరిచింది 1916లో.

గైడ్ తోటి గైడ్లందరికీ సోదరి అని ఒక నియమం. ఏ తరగతి మనిషైనా సరే అన్న మాట కూడా ఆ పాత పుస్తకంలో ఉంది. సామ్రాజ్యవాద పుస్తకమని తీసిపారేసేవాళ్లూ, దొంగని కట్టే పేజీ చూసి మురిసిపోయేవాళ్లూ (నేనూ మురిసిపోయాను) ఈ వాక్యం దగ్గర ఆగరు. సోదరి ఎవరో ముందే తేల్చుకున్నాక ఆ మాట చెప్పడం తేలిక. కులం దాని ఊహలోనే లేదు.

మేం ఆ నియమాన్ని తెలుగులో వారం వారం అప్పజెప్పేవాళ్లం. క్యాంపులో మాత్రం మాదిగవాడ నుంచి వచ్చిన నా స్నేహితురాలికి ఎప్పుడూ కట్టెలు ఏరడం, గుంటలు తవ్వడమే. నాలుగు రోజుల్లో ఒక్కపూట కూడా గరిటె పట్టనివ్వలేదు. నిర్ణయం టీచరుగారిదే. కానీ దళం లీడర్ని నేను. వంతుల కాగితం నా చేత్తో రాశాను. తాడు ముళ్లు వెయ్యడంలో మా అందరిలోకీ తనే మొనగత్తె.

ఆ దొంగ పేజీ చదివి, తనకి ఫోన్ చేశాను. విని పడీపడీ నవ్వింది. దీని మీద వ్యాసం రాస్తున్నానని చెప్పాను.

"ఆ వంతుల కాగితం గురించి కూడా రాస్తున్నావా?" అంది.