చివరి మడికి నీళ్లు పారాలంటే

గంభీరావుపేట మండలం నర్మాల దగ్గర మానేరు మీద ఎగువ మానేరు ప్రాజెక్టు ఉంది. తూము ఎత్తితే పై మడులు ముందు తడుస్తాయి, మిగిలితేనే చివరి మడికి. ఊరి చెరువు కిందా ఇదే తీరు. మరి పై రైతు నీళ్లన్నీ తన పొలానికే మలుపుకోకుండా ఆపేదేమిటి? మంచితనం అని సరిపెట్టుకోలేం. భయమంటే, ఎవరి భయం? ఈ ప్రశ్నకు లెక్కతో జవాబు వెతికే పద్ధతి గేమ్ థియరీ.

ఇద్దరు రైతులు, ఒక పిల్లకాలువ అనుకుందాం. ఇద్దరూ పూడిక తీస్తే చెరో పది బస్తాలు. ఒక్కడే తీస్తే అతనికి రెండు, గట్టున కూర్చున్నవాడికి పన్నెండు. ఎవరూ తీయకపోతే చెరో నాలుగు. ఒక్క పంటకే అయితే, ఎదుటివాడు ఏం చేసినా గట్టున కూర్చోవడమే లాభం. ఇద్దరూ అలాగే అనుకుంటారు, ఇద్దరికీ నాలుగే దక్కుతాయి. ఒక్కడు మారితే వాడికే నష్టం కాబట్టి ఎవరూ కదలరు. గణితవేత్త జాన్ నాష్ 1950లో నిర్వచించిన సమతాస్థితి ఇదే. కానీ ఆయకట్టు ఒక్క పంటతో ముగిసేది కాదు. ఈసారి రెండు బస్తాలకు ఆశపడితే ఎదుటివాడూ పూడిక మానేసి ఇకపై ప్రతి పంటకూ ఆరు పోతాయని తెలిసినవాడు పార పట్టుకుని వస్తాడు.

తెలంగాణ చెరువుల కింద నీరటి ఈ చిక్కుకు ఊరు వెతుక్కున్న జవాబు. వంతుల ప్రకారం నీళ్లు పారించేది అతనే. కోతలయ్యాక అతనికి వడ్లు కొలిచేది ఆయకట్టు రైతులందరూ. పైవాళ్లకు లొంగితే కిందివాళ్ల గింజలు పోతాయి. అందరూ అలాగే నడుచుకుంటారన్న నమ్మకమే ఆ కట్టుబాటును నిలబెట్టింది. మధ్యయుగపు మాగ్రిబీ వర్తకుల మీద ఆర్థికవేత్త ఆవ్నర్ గ్రైఫ్ చేసిన పరిశోధనా ఇలాంటి నమ్మకాల గురించే. అయితే ఊరి పనుల్లో కులం, వెట్టి ఉన్నాయని మరవకూడదు. సమతాస్థితి న్యాయమైనదే కానక్కర్లేదు.

పరిశోధకుడు రాబర్ట్ వేడ్ కర్నూలు జిల్లా కాలువ ఊళ్లను పరిశీలించి 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ ప్రచురించాడు. ఉమ్మడిగా నీరటి లాంటి నీరుగంట్లను పెట్టుకుని, ఊరి నిధి కూడబెట్టుకున్నవి ఎక్కువగా కాలువ చివరి ఊళ్లే. నీళ్లకు కొదవలేని పై ఊళ్లకు ఆ అవసరం అంతగా పడలేదు. తేడా మనుషుల స్వభావంలో లేదు, ఎండిపోతామన్న భయంలో ఉంది.

కట్టుబాటు ఎందుకు సడలుతుందో కూడా ఈ లెక్కే చెబుతుంది. బోరు వేసుకున్న రైతు తూము కోసం ఎదురుచూడడు. పూడికకు రాడు, గింజలు కొలవడు. అలాంటివాళ్లు పెరిగేకొద్దీ మిగిలినవాళ్ల మీద భారం పెరిగి, వాళ్లూ తప్పుకుంటారు. ఎవరూ రద్దు చేయకుండానే చాలా ఊళ్లలో నీరటి పని మూలపడింది.

1997లో ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకం చెరువుల పూడిక తీయించింది. రెండూ కావలసిన పనులే. కానీ పూడిక మళ్లీ పేరుకుంటుంది, ఎవరో ఒకరు మళ్లీ తీయాలి. చెరువు నిండితే బోరులో ఊట పెరుగుతుంది, కాబట్టి బోరు రైతుకూ చెరువులో వాటా ఉంది. ఊరి సంఘాలు ఆ వాటాను లెక్కగట్టి, కాలువ రైతుతో పాటు బోరు రైతు దగ్గరా నిర్వహణ ఖర్చు వసూలు చేయాలి.