అవ్వ వేషం కట్టాలంటే

నాటక సమాజాల్లో వేషాలు పంచుకునే రోజున ఒక తంతు నడుస్తుంది. నాయిక, నాయకుడు, పోలీసు, లాయరు... ఇవన్నీ టీ గ్లాసులు ఖాళీ అయ్యేలోపు తేలిపోతాయి. చివరికి అవ్వ మిగులుతుంది. ‘‘దానికేముందండీ, నాలుగు డైలాగులు. జుట్టుకి తెల్లరంగు కొట్టి చేతికో కర్ర ఇస్తే సరి’’ అంటారు. కాదనలేని మొహమాటస్తురాలు ఎవరుంటే ఆమెకి ఆ వేషం అంటగడతారు.

ఆ మాట నేను ఒప్పుకోను. నాయికకు తన బాధ చెప్పుకోవడానికి రెండు రంగాలుంటాయి. అవ్వకు గుమ్మం దాటి వచ్చి మంచం మీద కూర్చునేంత సేపే ఉంటుంది. ఆ నాలుగడుగుల్లో డెబ్బై ఏళ్ల బతుకు కనపడాలి. ఆ ఇంట్లో ఆవిడ మాట చెల్లుతుందా చెల్లదా, కోడలంటే భయమా ప్రేమా, ఒకప్పుడు దర్జాగా బతికిందా కష్టపడిందా... ఇవన్నీ నోరు తెరవకముందే తెలిసిపోవాలి. తక్కువ సేపట్లో ఎక్కువ చెప్పడమే క్యారెక్టర్ ఆర్టిస్ట్ పని.

ఈ విద్యలో నేను ఎన్నడూ కలవకుండానే గురువుగా పెట్టుకున్న మనిషి జొహ్రా సెహగల్. పేరు చెబితే చటుక్కున గుర్తు రాకపోవచ్చు గానీ మొహం చూస్తే ‘ఈవిడా!’ అంటారు. మణిరత్నం ‘దిల్ సే’, మనకు ‘ప్రేమతో’ పేరుతో వచ్చింది, అందులో కాసేపు కనిపించే ముసలావిడ. ‘చీనీ కమ్’లో అరవై నాలుగేళ్ల అమితాబ్‌ని జిమ్‌కి పొమ్మని సతాయించే తల్లి. ఆ సినిమా వచ్చిన 2007లో ఆవిడకు 95 ఏళ్లు. అదే ఏడాది ‘సావరియా’లో రణ్‌బీర్ కపూర్‌తో నటించారు. ఆ కుర్రాడికి అది మొదటి సినిమా. అతని ముత్తాత పృథ్వీరాజ్ కపూర్ నాటక సమాజంలో ఆవిడ జీతానికి పనిచేశారు.

ఆవిడ గురించి మాట్లాడేటప్పుడు అందరూ వయసు దగ్గరే ఆగిపోతారు. అంత ముసలితనంలో అంత చలాకీతనమా అని బుగ్గలు నొక్కుకుంటారు. ఆ మెచ్చుకోలు నాకు సయించదు. దేవుడిచ్చిన వరమేదో పట్టుకుని ఆవిడ నెగ్గుకొచ్చారన్నట్టు ఉంటుంది. ఆవిడ చేసింది చాకిరీ. ఎనభై ఏళ్ల పాటు చేసిన చాకిరీ.

ఉత్తర ప్రదేశ్ సహారన్‌పూర్‌లోని ఒక నవాబుల కుటుంబంలో 1912లో పుట్టారు. లాహోర్‌లో పరదా పాటించే ఆడపిల్లల కోసం నడిచే క్వీన్ మేరీ కాలేజీలో చదువు. 1930లో మేనమామతో కలిసి కారులో యూరప్ బయల్దేరారు. వెళ్లింది నటన నేర్చుకోవాలని. తేలింది మాత్రం జర్మనీలోని డ్రెస్డెన్‌లో, మేరీ విగ్మాన్ నాట్య పాఠశాలలో.

ఈ విగ్మాన్ దగ్గరే నాకు ఆవిడ అవ్వ వేషాల ఆనుపానులు దొరుకుతాయి. విగ్మాన్ నాట్యంలో అందంగా కనపడటం మీద యావ లేదు. కొన్ని నాట్యాలకు డప్పుల మోతే సంగీతం, కొన్నింటికి అదీ ఉండదు. బరువు ఎటు ఒరుగుతోంది, ఊపిరి ఎక్కడ ఆగుతోంది, చుట్టూ ఉన్న జాగాను ఒళ్లు ఎలా ఆక్రమిస్తోంది... చూసుకోవాల్సింది ఇవి. అక్కడ మూడేళ్లు నలిగిన మనిషికి అరవై ఏళ్ల తర్వాత కుర్చీలోంచి లేవడమనే చిన్న పని కూడా ఒక రచనే అవుతుంది. తెర మీద ఆవిడ లేచే తీరు గమనించండి. ముందు కళ్లు లేస్తాయి, తర్వాత మెడ, ఆఖరికి ఒళ్లు. ఎవరి మీదో కోపంతో లేస్తున్నారో, చాయ్ కోసం లేస్తున్నారో మనకు ముందే తెలిసిపోతుంది.

1935లో ఉదయ్ శంకర్ నాట్య బృందంలో చేరి జపాన్, ఈజిప్టు, యూరప్, అమెరికా తిరిగారు. తర్వాత అల్మోరాలో ఆయన పెట్టిన కళాకేంద్రంలో పాఠాలు చెప్పారు. అక్కడి విద్యార్థుల్లో గురుదత్ ఒకరు. ఆయన మొదటిసారి దర్శకత్వం వహించిన ‘బాజీ’కి, 1951లో, నాట్యాలు కూర్చింది ఈ టీచరమ్మే.

అంతవరకూ కథ బాగానే ఉంది. నాకు ఎక్కువ ఆసక్తి ఆ తర్వాతి ఘట్టం మీద. 1945లో, 33 ఏళ్ల వయసులో, నెలకు 400 రూపాయల జీతం మీద పృథ్వీ థియేటర్స్‌లో నటిగా చేరారు. దేశదేశాల్లో చప్పట్లు కొట్టించుకున్న నర్తకి మళ్లీ అఆల దగ్గర కూర్చోవడం అన్నమాట. ఆ సమాజంలో నాయిక వేషాలు ఆవిడవి కావు, చెల్లెలు ఉజ్రావి. అక్కకు నాట్యాలు కూర్చే పని, వెనక వేషాలు. ఇంట్లో చిన్నది రంగం మధ్యలో నిలబడుతుంటే పక్కన నిలబడి పద్నాలుగేళ్లు పనిచేయడం ఎవరికైనా గుండె చిక్కబట్టుకుని చేయాల్సిన పనే.

ఆ పద్నాలుగేళ్లలో పృథ్వీ సమాజం దేశమంతా తిరిగింది. ఆట అయ్యాక పృథ్వీరాజ్ గుమ్మం దగ్గర తల వంచుకుని జోలె పట్టి నిలబడేవారు. బయటికి వెళ్లే ప్రేక్షకులు అందులో తోచింది వేసేవారు. ఊరు మారితే హాలు మారుతుంది, ముందు వరసలో కూర్చునే జనం మారతారు, వాళ్లు నవ్వే చోటు కూడా మారుతుంది. నాటక పరిషత్తుల వెంట తిరిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పక్కవేషం కట్టేవాళ్లకు ఇందులో ఒక లాభముంది. నాయిక తన పోర్షన్ గురించి ఆదుర్దా పడుతుంటే, పక్కనున్న మనిషికి ప్రేక్షకుణ్ణి చదవడానికి తీరిక దొరుకుతుంది. జొహ్రా టైమింగ్ అని తర్వాత అందరూ మురిసిపోయింది అక్కడ చదువుకున్నదేనని నా నమ్మకం.

1959లో భర్త కామేశ్వర్ సెహగల్ పోయారు. పృథ్వీ థియేటర్స్ కూడా మూతపడే దశకు వచ్చింది. 1962లో డ్రామా స్కాలర్‌షిప్ మీద లండన్ వెళ్లేటప్పటికి ఆవిడకు 50 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. అక్కడ భారతీయ ఆడమనిషికి రాసిన వేషాలే అరుదు. ‘డాక్టర్ హూ’ లాంటి సీరియళ్లలో చిన్నా చితకా పాత్రలు వేశారు. 1970ల్లో దక్షిణాసియా కుటుంబాల కోసం బీబీసీ తీసిన ‘పడోసీ’కి 26 భాగాల పాటు వ్యాఖ్యాతగా ఉన్నారు. పెద్ద వేషం 1984లో వచ్చింది. పాల్ స్కాట్ నవలల ఆధారంగా గ్రెనడా టెలివిజన్ తీసిన ‘ద జ్యువెల్ ఇన్ ద క్రౌన్’లో లేడీ లిలీ చటర్జీ.

లండన్‌లో కాలు పెట్టాక 22 ఏళ్లకు! ఆ వేషం చూస్తే తర్వాత మన హిందీ సినిమాలు ఆవిణ్ణి ఎంత కురచగా వాడుకున్నాయో తెలుస్తుంది. లిలీ చటర్జీ చిలిపి బామ్మ కాదు. సర్ బిరుదున్న వ్యక్తి భార్య, వితంతువు. తెల్లవాళ్లతో కలిసి తిరిగినా వాళ్లలో ఒకరు కాలేని మనిషి. అవమానం జరిగిన క్షణంలో మొహం మీద గీత కూడా కదలకూడదు, అయినా మనకు తెలియాలి. పెద్ద హాలుకు అలవాటుపడ్డ నటి దాన్ని టీవీ కెమెరాకు సరిపడా కుదించుకున్నారు. నాటకాల నుంచి సీరియళ్లకు వెళ్లినవాళ్లలో చాలామందికి కొరుకుడు పడనిది ఈ కుదింపే. గొంతు తగ్గిస్తారు గానీ మొహం తగ్గదు.

మా సమాజంలో కొత్తగా అవ్వ వేషం కట్టే అమ్మాయిలకు నేను చెప్పేది ముందుగా ఇదే: నడుం వంచకు. గొంతు వణికించకు. ముసలివాళ్లెవరూ ముసలిగా కనపడాలని చూడరు. నిటారుగా నిలబడాలని, గట్టిగా మాట్లాడాలని, గిన్నె ఒలకకుండా పట్టుకోవాలని చూస్తారు. ఒళ్లు సహకరించదు. ఆ పెనుగులాటే వృద్ధాప్యం. దాన్ని నటించాలి. జొహ్రా ఏ వేషంలో చూసినా ఆ మనిషి ఏదో ఒకటి గట్టిగా కోరుకుంటూనే ఉంటుంది: తిండో, కబురో, మనవరాలి పెళ్లో. అందుకే జాలి పుట్టదు, ఆసక్తి పుడుతుంది.

రెండోది, రోజువారీ సాధన. తొంభై దాటాక కూడా ఆవిడ వ్యాయామం మానలేదు, కంఠతా పట్టిన కవితలు నెమరు వేసుకోవడం మానలేదు. హఫీజ్ జలంధరీ ‘అభీ తో మై జవాన్ హూ’ని ఏ కాగితమూ లేకుండా సభల్లో చదివితే జనం లేచి నిలబడేవారు. పద్య నాటకాలు ఆడిన మన పెద్దలకు ఇది కొత్త కాదు. తెల్లవారుజామున గొంతు సవరించుకోకుండా కాఫీ ముట్టని వాళ్లను నేను ఎరుగుదును. చిత్రమేమిటంటే, సాంఘిక నాటకాల్లోకి వచ్చేసరికి ఆ క్రమశిక్షణ అక్కర్లేదని అనుకున్నాం. వేషం వచ్చాక రిహార్సల్ అన్నాం. వేషం రాని రోజుల్లో చేసే పనే వేషాన్ని నిలబెడుతుందని ఆవిడ బతుకు చెబుతుంది.

అయితే నటి ఒక్కతే సిద్ధంగా ఉంటే చాలదు, ఆమె కోసం రాసేవాళ్లూ ఉండాలి. 1993లో లాహోర్‌లో అజోకా థియేటర్ వాళ్లు ‘ఏక్ థీ నానీ’ ఆడారు. షాహిద్ నదీమ్ రచన, మదీహా గౌహర్ దర్శకత్వం. అప్పటికి ఉజ్రా పాకిస్తాన్ వెళ్లిపోయి దశాబ్దాలైంది. సరిహద్దుకు చెరోపక్క బతికిన ఇద్దరు అక్కాచెల్లెళ్ల కథను ఈ అక్కాచెల్లెళ్ల జీవితంలోంచే అల్లారు. వేదిక మీద వాళ్లే. అక్కకు 81, చెల్లెలికి 76. పృథ్వీ రోజుల్లో పక్కవేషం కట్టిన అక్క, నాయిక వేషం కట్టిన చెల్లెలు, ఇక్కడ సరిసమానంగా నిలబడ్డారు.

2010లో పద్మవిభూషణ్ వచ్చింది. 2014 జులై 10న, 102 ఏళ్ల వయసులో ఢిల్లీలో కన్నుమూశారు. బిరుదులు సరే. నా లెక్కలో ఆవిడకు దక్కిన అసలు గౌరవం ఆ లాహోర్ నాటకం. ముసలి ఆడమనిషిని అలంకారంగా కాక కథకు ఇరుసుగా పెట్టి ఎవరో కూర్చుని రాశారు.

మన పరిషత్ పోటీలకు వచ్చే రాతప్రతుల్లో, సాయంత్రం సీరియళ్లలో, అవ్వకు దీవించడం, దగ్గడం, గుండె పట్టుకుని కూలబడటం తప్ప పనేముంది? మనకూ డెబ్బై దాటిన రంగస్థల నటీమణులున్నారు. వందల నాటకాలు ఒంట్లో ఇంకిన మనుషులు. వాళ్లు వేషం కోసం ఎదురు చూస్తున్నారు. రచయితలూ, ఈసారి నాటికలో కనీసం ఒక రంగం ఆవిడ చేతికి వదిలిపెట్టి చూడండి. ఆవిడకు ఏం కావాలో ముందు తేల్చుకుని రాయండి, మిగతాది ఆవిడ చూసుకుంటుంది.