ఇంటి బీరు: దోషనిదానము

ఇంట బీరు కాచుకొనుట పాశ్చాత్య దేశములలో మిక్కిలి ప్రాచీనమైన గృహకృత్యమే యైనను, చట్టము కనుసన్నలలో అది మరల తలయెత్తినది ఇటీవలి కాలముననే. ఇంగ్లండులో 1963వ సంవత్సరపు బడ్జెటునందు ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఇంటి బీరునకు లైసెన్సు అక్కఱలేకుండ జేసెను. అమెరికాలో మద్యనిషేధము 1933లోనే తొలగినను, 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకము చేయువఱకు ఇంటి బీరునకు మాత్రము విమోచనము కలుగలేదు. మన తెలుగు రాష్ట్రములలో లైసెన్సు లేక మద్యము తయారుచేయుట నేరము గనుక, ఇచ్చటి పాఠకులు దీనిని విద్యగా చదువుకొనుటయే గాని ప్రయోగమునకు దిగరాదు. ఇంటి బీరును చట్టము అనుమతించు దేశములలో నున్న మనవారికి ఆ చిక్కు లేదు.

మొలకెత్తించి యెండించిన బార్లీని, అనగా మాల్టును, నలుగగొట్టి వేడినీట నానవైచి, దిగిన తీపిరసమును హాప్స్ పువ్వులతో మఱిగించి, చల్లార్చి, ఈస్టు చల్లి పులియనిచ్చుట ఎవరికైనను సాధ్యమే. రుచి చెడినపుడు ఆ చెడుగు ఏ ఘడియలో, ఏ పాత్రయందు, ఏ తొందరపాటువలన చొచ్చెనో వాసనను బట్టి కనిపెట్టగలుగుటయే ఇందలి పాండిత్యము. బీరు చెడుటకు సూక్ష్మజీవులు హేతువులని లూయీ పాశ్చర్ 1876లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ 1883లో ఒకే కణమునుండి శుద్ధమైన ఈస్టు సంతతిని పెంచి చూపెను. నేడు పొట్లములో దొరకు ఈస్టు ఆ కృషికి ఫలమే. అయినను బీరు చెడుట మానలేదు. అశుచికంటె ఆతురతయే ఇంటి బీరును ఎక్కువగా చెఱచుచున్నదని నా యభిప్రాయము.

దోషములలో మిక్కిలి బోధప్రదమైనది వెన్నవాసన. ఈస్టు తొలిదినములలో విడుచు ఒకానొక పదార్థము క్రమముగా డయాసిటైల్‌గా మాఱి ఈ వాసన నిచ్చును. పని ముగియు వేళకు ఆ ఈస్టే దానిని తిరిగి గ్రహించి రూపుమాపును. బుడగలు తగ్గినవని ఆతురపడి బీరును చల్లబఱచినచో, ఈస్టు అడుగునకు దిగి ఆ శుద్ధికార్యము సగములో నిలిచిపోవును. లాగరు జాతి బీరును 10 డిగ్రీల సెల్సియస్ ప్రాంతమున పులియబెట్టువారు, చివరిదశలో వేడిమిని 15–18 డిగ్రీలకు పెంచి రెండుమూడు దినములుంచుట ఇందుకొఱకే.

శుద్ధి ముగిసినదో లేదో తెలిసికొనుటకు చక్కని పరీక్ష యొకటి కలదు. రెండు చిన్న గాజుసీసాలలోనికి బీరు తీసి, మూతలు బిగించి, ఒకదానిని 60–70 డిగ్రీల వేడినీట ఇరువది నిమిషముల పాటుంచి, రెండవదానిని అట్లే విడువవలెను. పిమ్మట మొదటిదానిని చన్నీట ముంచి, రెండును ఒకే చల్లదనమునకు వచ్చినతరువాత మూతలు తీసి మూర్కొనవలెను. రెంటను వెన్న లేనిచో బీరును సీసాల కెత్తవచ్చును. వేడిచేసినదానియందు మాత్రమే వెన్న గుప్పుమన్నచో దోషబీజ మింకను దాగియున్నదని యెఱిగి, మఱికొన్ని దినములు వెచ్చగా, కదల్పక విడువవలెను. రెంటను వెన్నయుండి, పులుపు కూడ తోడైనచో పెడియోకాకస్ వంటి బాక్టీరియా చొరబడెనని శంకింపవలెను. అప్పుడు గీతలుపడిన ప్లాస్టిక్ గొట్టములను, కుళాయిలను మార్చుట మేలు.

పచ్చి ఆపిల్ వాసనయు అట్లే తొందరపాటునకు గుర్తు. ఉడికిన మొక్కజొన్నపొత్తు వాసన మాత్రము పొయ్యిదగ్గఱి తప్పు: లేతరంగు మాల్టునుండి పుట్టు డైమిథైల్ సల్ఫైడ్ ఆవిరితో వెడలిపోవలసియుండగా, గిన్నెపై మూత వేసినవాడు దానిని మరల రసములోనికే రాల్చుచున్నాడు. గంట, గంటన్నర మూతలేక మఱిగించి, త్వరగా చల్లార్చినచో అది రాదు. స్పిరిటు ఘాటు తగిలినచో వేడిమిని అనుమానింపవలెను. పులియు బీరు గదికంటె కొన్ని డిగ్రీలు తానై వేడెక్కును గనుక, ఎయిల్ జాతికి 18–20 డిగ్రీలని చెప్పినపుడు కొలువవలసినది గదిని గాదు, పాత్రను. ఇక ఎండ సోకిన బీరు కొద్ది నిమిషములలోనే కంపుకొట్టును. హాప్స్ చేదును వెలుతురు విఱిచి పుట్టించు ఆ గంధకపదార్థము లక్షకోటి పాళ్ళలో కొన్ని పాళ్ళున్నను ముక్కు పట్టగలదు. గోధుమరంగు సీసా దీనిని చాలవఱకు అడ్డగించును, పచ్చసీసా అడ్డగింపదు. అయినను చూపునకు సొగసని వర్తకులు పచ్చసీసాను విడువకున్నారు.

దోషమనునది సర్వత్ర దోషము గాదు. లేతరంగు లాగరులో లవంగపువాసన వచ్చినచో అడవి ఈస్టు చొచ్చెనని బెంగపడుదుము. బవేరియా గోధుమబీరులో ఆ వాసన లేకున్న దానిని ముట్టరు. బెల్జియము లాంబిక్ బీరునకు పులుపే ప్రాణము. కావున మనము కాచదలచినది ఏ జాతి బీరో ముందు తేల్చుకొనక దోషము నిర్ణయింపరాదు.

కాలము మాన్పలేని దోషములును కలవు. గాలి తగిలి తడిసిన అట్టవాసన పట్టిన బీరు మరల బాగుపడదు. కుళాయినీటి క్లోరినుగాని, సరిగా కడుగని బ్లీచుగాని మాల్టులోని ఫినాల్‌లతో కలిసినపుడు పుట్టు ఆసుపత్రివాసన అంతకంటె మొండిది. కాంప్డెన్ మాత్ర యొక్కటి సుమారు 75 లీటర్ల నీటిలోని క్లోరినును హరించును గాని, దానిని ముందే వేయవలెను; బీరైన పిదప వేసిన ప్రయోజనము లేదు. ఆల్కహాలు, ఆమ్లత, హాప్స్ కలసియున్నచోట రోగకారక క్రిములు బ్రదుకుట అరుదు గనుక ఇట్టి బీరు త్రాగినవానికి సాధారణముగా హాని కలుగదు, రుచియు కలుగదు. దానిని పాఱబోయుటయే మంచిది.